సూదితో ఒక్కపొద్దు చెడదనుకున్నాను

ఇది నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద నంబరు చదవడం వచ్చు, అంతకు మించి రాదు. నేను మాట్లాడేది ఒక తీరు, ఆమె రాసేది పుస్తకాల తీరు. మాట మారినా ఫరవాలేదు, సంగతి మార్చకు అని చెప్పాను. కొన్ని చోట్ల ఆమె పెన్ను ఆపి నా ముఖం చూస్తోంది. అందుకే గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఇట్లా అయితేనే నోరు వస్తుంది.

నాకు షుగర్. అమీర్‌పేటలో షుగర్ లేని ఇల్లేది అని మీరు నవ్వుతారు. గోలీలతో నడిచినన్నాళ్లు నేనూ నవ్వాను. తర్వాత గోలీలు పనిచేయడం మానేశాయి. పంజాగుట్ట ఆసుపత్రిలో డాక్టరు సూది రాశాడు. పొద్దున, సాయంత్రం, పొట్ట మీద, ఎవరికి వారే పొడుచుకోవాలి. అక్కడి నర్సమ్మ చర్మం ఎట్లా పట్టుకోవాలో చూపించింది. నేను తల ఊపాను. బయటికొచ్చి మెట్రో స్తంభం పక్కన నిలబడి ఏడ్చాను. పక్కన మొక్కజొన్న కంకులు కాలుస్తున్న ఆమె పొగ తగిలిందనుకుని విసనకర్ర అటు తిప్పింది.

ఏడుపు సూది నొప్పికి కాదు. మా ఆయనకు సూది మొదలైన కొన్నాళ్లకే కాలు తీసేశారు. తర్వాత మనిషే పోయాడు. మా గల్లీలో సూది అంటే అదే అర్థం. గోలీలు మింగే మనిషి అందరిలో ఒక మనిషి. సూది పొడుచుకునే మనిషి దారిలో ఉన్న మనిషి. మా ఆయనను అందరూ ఎట్లా చూశారో నేను చూశాను. పలకరించడానికి వచ్చి ముఖం చూడకుండా కాళ్లు చూసేవాళ్లు.

ఇంకొక కారణం ఉంది. అసలు కారణం అదే.

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మకు మా రెండిళ్ల బోనం కలిపి పోతుంది. రెండిళ్లంటే మాది, మా ఏరాలిది. ఏరాలంటే మా ఆయన అన్న భార్య, నేను అక్కా అంటాను. మా ఇళ్లలో ముత్తైదువే బోనం ఎత్తాలి. మా ఆయన పోయాక అది నా తల మీది నుంచి దిగి కోడలి తల మీదికి పోయింది. కానీ వండడం నాకే మిగిలింది. కొత్త బియ్యం, పాలు, బెల్లం. అడుగంటకుండా, బెల్లం పాకం కాకుండా వండడం మా అత్త నాకే నేర్పింది. ఆ పూట పొయ్యి దగ్గర నేను చెప్పిందే మాట. మా అక్క కూడా నన్ను అడిగే కట్టె పెట్టేది. ఏడాదంతా నేను ఎవరికీ పెద్దగా కానరాని మనిషిని, ఆ ఒక్క పొద్దున మాత్రం అందరూ నా చేతి వైపు చూసేవాళ్లు.

అయితే వండే మనిషి ఒక్కపొద్దు ఉండాలి. పొద్దున లేచింది మొదలు అమ్మవారికి బోనం ఎక్కేదాకా నోట్లో ఏదీ పడకూడదు. గుటకెడు చాయ్ తాగినా ఆ చెయ్యి కుండ మీద పనికిరాదు. సూది మీద ఉన్న మనిషి ఒక్కపొద్దు ఉండకూడదట, ఎందుకో మాకు తెలియదు కానీ ఆ మాట మా ఆయన రోజుల నుంచీ మా అక్కకు తెలుసు. నాకు సూది అని తెలిస్తే పొయ్యి కూడా పోతుంది.

అందుకని దాచాను. ఇంట్లో గోలీలే అని చెప్పాను. నేను అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను. కంప్యూటర్ కోర్సుల కోసం వచ్చిన పిల్లలు, ఎక్కువమంది కోస్తా వైపు వాళ్లు. మందు సీసా అక్కడి ఫ్రిజ్‌లో దోసెల పిండి గిన్నె వెనక పెట్టేదాన్ని. పొద్దున టిఫిన్ దించాక, సాయంత్రం వంట దించాక బియ్యం బస్తాల గదిలోకి పోయి, తలుపు చేరవేసి, చీర కుచ్చిళ్లు జరిపి పొడుచుకునేదాన్ని. బయట పిల్లలు "ఆంటీ, చట్నీ అయిపోయిందండీ" అంటూ పిలుస్తుంటే, వస్తున్నా అని లోపలి నుంచి అరిచేదాన్ని. నాది మొదటి నుంచీ బొంగురు గొంతు. ఏడ్చి మాట్లాడినా ఎవరికీ తేడా తెలియదు.

మనసు బాగా లేదు అని చెప్పడానికి మా ఇళ్లలో మాట లేదు. తల నొస్తోంది అంటాం. నాకు ఆ ఏడాదంతా తల నొచ్చింది. ఎవరింటికి పోయినా చాయ్ ఇస్తారని పోవడం మానేశాను. చక్కెర వద్దంటే ఎందుకంటారు, ఎందుకో చెబితే ఎంత ఉందంటారు, అక్కడి నుంచి మా ఆయన కాలు దాకా వస్తారు. కోడలు పలకరించినా కసురుకునేదాన్ని. అన్నం ముందు కూర్చుంటే ఆ అన్నమే నా శత్రువనిపించేది. ఇంతమందికి వండుతాను, నా ముద్ద నేను దొంగతనంగా తింటున్నట్టు తింటాను. ఈ మాట నేను అప్పుడు ఎవరితోనూ అనలేదు. అన్నాను అని తర్వాత తెలిసింది.

పోయిన ఏడు బోనాల ఆదివారం. తెల్లవారుతూనే హాస్టల్‌కు పోయి ఉప్మా చేసి పెట్టాను. బస్తాల గదిలోకి పోయి సీసా చేతిలో పట్టుకుని ఆలోచించాను. డాక్టరు సూది ఎన్నడూ మానొద్దన్నాడు. ఒక్కపొద్దులో నోట్లో ఏమీ వేయకూడదు. గోలీ అయితే నీళ్లతో మింగాలి, అది నోట్లోకి పోతుంది కాబట్టి చెడుతుంది. సూది నోట్లోకి పోదు కదా, పొట్టలోకి పోతుంది. సూది అన్నం కాదు కదా. అట్లా లెక్క వేసుకున్నాను. డాక్టరు మాటా నిలిచింది, అమ్మవారి మాటా నిలిచింది అనుకుని సంతోషంగా పొడుచుకున్నాను. సూది వేసుకున్నాక తినకపోతే ఒంట్లో ఉన్న చక్కెరంతా పడిపోతుందని డాక్టరు చెప్పే ఉంటాడు. నాకు మానొద్దు అన్నదొక్కటే చెవిన పడింది.

ఇంటికి వచ్చి తలస్నానం చేసి పొయ్యి ముట్టించాను. బోనం బాగా కుదిరింది. అక్క వంగి వాసన చూసి తల ఊపింది. కోడలు పసుపు చీర కట్టుకుని, వేపమండలు చుట్టిన కుండ తల మీద పెట్టుకుంది. పైన దివ్వె. డప్పులు ముందు, మేము వెనక. బల్కంపేట మాకు దూరమేమీ కాదు, కానీ ఆ రోజు జనానికి అడుగు పడదు. కట్టెలు కట్టిన వరుసలో నిలబడ్డాం.

అక్కడి దాకా నాకు గుర్తుంది. వీపు మీద చెమట చల్లగా కారింది. పెదవులు మొద్దుబారాయి. ముందున్న ఆడమనిషి జడలో పూలు రెండుగా కనిపించాయి. డప్పు నా తలలో కొడుతున్నారనుకున్నాను. ఆ తర్వాతిది కోడలు చెప్పగా విన్నదే.

నేను వణికిపోయానట. ఊగానట. కొప్పు ఊడిపోయింది. పట్టుకోబోయిన చేతులను విసిరికొట్టాను. డప్పులాయన అది చూసి ఇంకా గట్టిగా కొట్టాడు. మా అక్క దండం పెట్టి, అమ్మ వచ్చింది, జరుగుండ్రి అని అరిచింది. నా మీద పసుపు నీళ్లు పోశారు, చేతిలో వేపమండ పెట్టారు. నా బొంగురు గొంతు వినగానే చుట్టూ ఉన్నవాళ్లకు ఇక అనుమానమే లేకపోయింది. అది ఆడమనిషి గొంతే కాదన్నారట.

అక్క అడిగింది, తల్లీ, ఏం తక్కువైంది నీకు, చెప్పు అని.

"ఆకలైతుంది" అన్నానట. "అందరికి వండిపెడ్తున్న. తిన్నవా అని నన్ను అడిగిన మనిషి లేడు. నేనున్ననో సచ్చిననో ఎవరికి ఎరుక?"

అందరూ లెంపలు వేసుకున్నారు. అమ్మవారికి మన పూజలు చాలలేదు, మనల్ని తిడుతోంది అనుకున్నారు. మా అక్క ఏడుస్తూ, వచ్చే ఏడు యాటను, అంటే మేకను, కోస్తానని మొక్కింది. కోడలి తల మీది కుండ దించి, అమ్మే ఇక్కడికి వచ్చి అడిగాక గుడి దాకా ఎందుకని, బెల్లపన్నం తీసి నా నోట్లో పెట్టింది. నేను మింగాను. ఇంకా పెట్టింది. ఇంకా మింగాను. కాసేపటికి వణుకు ఆగింది. కళ్లు నిలిచాయి. అమ్మ శాంతించింది అన్నారు.

నేను కళ్లు తెరిచేసరికి నేల మీద కూర్చుని ఉన్నాను. నోట్లో బెల్లం. ఎదురుగా మా అక్క, నాకంటే పెద్దది, నా పాదాల మీద తల పెట్టి ఉంది. ఎవరో తెలియని ఆడవాళ్లు వరుస కట్టి వంగుతున్నారు. నా చీర తడిసి ఉంది. పసుపు నీళ్లతోనే తడిసిందని అందరూ అనుకున్నారు. కాదని నాకు తెలుసు. కాళ్లు ముడుచుకుందామంటే వాళ్లు వదలడం లేదు. ఆ తడి గుడ్డలో కూర్చుని, నేను ఆ దండాలన్నీ తీసుకున్నాను.

ఇంటికి వచ్చాక చీర మార్చడానికి కోడలు తలుపు వేసింది. నేను వద్దన్నా ఆమె వినలేదు, నా చేతులకింకా బలం రాలేదు. కుచ్చిళ్లు తీయగానే ఆగిపోయింది. నా పొట్ట మీద బొడ్డుకు రెండు వైపులా నల్లగా, ఆకుపచ్చగా మచ్చలు. ఒకే చోట పొడుచుకుని పొడుచుకుని కమిలిపోయిన చర్మం.

"గివేంది అత్తమ్మా?"

నేను చెప్పలేదు. ఆమెకు చెప్పనవసరం లేకపోయింది. మామకు చివరి రోజుల్లో సూది వేసింది ఆమే.

"ఎన్నడు సంది?" అంది. తర్వాత, "పొద్దున ఏస్కున్నవా? ఏస్కొని తినలేదా?"

తల ఊపాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాను. తడిసిన చీర మూట కట్టి, ఎవరికీ కనపడకుండా బాత్రూంలోకి తీసుకుపోయి తనే ఉతికింది. నాకు ఆ నీళ్ల చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. (ఇక్కడ కోడలు పెన్ను ఆపింది. రాయమన్నాను.)

ఆమె మరునాడే హాస్టల్‌కు వచ్చి సీసా అడిగి తెచ్చి, మా ఇంటి ఫ్రిజ్ తలుపులో, కోడిగుడ్ల పక్కన, అందరికీ కనిపించేటట్టు పెట్టింది. పెద్దత్తమ్మకు, అంటే మా అక్కకు, చెప్పేయమంది. చెబుతాను అన్నాను. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, శుక్రవారం ఆడవాళ్లు రావడం మొదలైంది. మా అక్కే తీసుకొచ్చేది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, వాళ్లను కింద కూర్చోబెట్టేది. నేను ఏమీ పలికేదాన్ని కాదు. అయినా దండం పెట్టి పోయేవాళ్లు. అక్క రోజూ వచ్చి, తిన్నవా, ఒంట్లో ఎట్లుంది అని అడిగేది. పళ్లు తెచ్చేది. ఏడాదిగా నా గడప తొక్కని వాళ్లు నా పక్కన కూర్చున్నారు. నా తల నొప్పి తగ్గింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు అది బాగుంది. అబద్ధమని తెలిసీ బాగుంది. అమ్మవారి పేరు మీద అన్నం తింటున్నానే అని పడుకునేటప్పుడు ఒళ్లు జలదరించేది, మళ్లీ శుక్రవారం వస్తే తల దువ్వుకుని కూర్చునేదాన్ని.

కోడలు సెలవు పెట్టి నన్ను పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు విని, చచ్చిపోయేదానివి తెలుసా అని తిట్టాడు. ఆ తర్వాత ఇంకో గదికి పంపాడు. అక్కడ మందులు లేవు, మంచం లేదు, ఒక మేడమ్, రెండు కుర్చీలు. మనసు ఎలా ఉందమ్మా అని అడిగింది. మనసుకేమైంది, షుగర్ నాకు అన్నాను. నాకేమైనా పిచ్చా అని కోడలి వైపు చూశాను.

ఆమె నవ్వలేదు. రోజంతా ఏం చేస్తావు, ఎవరితో మాట్లాడతావు, ఏం తింటావు, తినేటప్పుడు ఏమనిపిస్తుంది అని ఒక్కొక్కటీ అడిగింది. చివరికి ఆ రోజు వరుసలో ఏమన్నావో చెప్పమంది. నాకు గుర్తు లేదన్నాను. కోడలు చెప్పింది. ఆకలి మాట, తిన్నావా అని అడిగే మనిషి లేడన్న మాట, ఉన్నానో చచ్చానో అన్న మాట. నా ముందు ఆమె ఆ మాటలు చెబుతుంటే బట్టలు ఊడదీసినట్టయింది. అందరూ అమ్మవారి మాటలనుకున్నవి నావేనని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. కోడలు చెప్పి కళ్లు తుడుచుకుంది. నేను అడగలేదా అత్తమ్మా అంది. అడిగేది. నేనే కసురుకునేదాన్ని.

"సూది గురించి మీ నోటితో మీరు ఎవరికైనా ఒక్కరికి చెప్పండమ్మా" అంది ఆ మేడమ్. "వాళ్లకు తెలిసిపోవడం కాదండీ. మీరు చెప్పడం. దాచడానికే మీ బలమంతా పోతోంది."

ఎవరికి చెప్పాలో ఆమె అనలేదు. నాకు తెలుసు.

అయినా చెప్పలేదు. ఇంకో శుక్రవారం వచ్చింది. అక్క పక్క గల్లీ నుంచి ఒకామెను తీసుకొచ్చింది. చిన్న వయసు, పెళ్లై ఎక్కువ రోజులు కాలేదు. ఆమె నా మోకాళ్ల దగ్గర కూర్చుని పసుపు పొట్లం విప్పి నా ముందు పెట్టింది.

"మా అత్తకు షుగర్ తల్లీ. సూది రాసిన్రు. ఆమె భయపడుతుంది. ఈ బండారి మీద నువ్వు జర చెయ్యి పెట్టిస్తే, సూది ఆపి గిదే రోజు నోట్లె ఏస్తం."

నా చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఆపొద్దు అన్నాను. అక్క వెంటనే అందుకుంది, చూసినవా, అమ్మ ఆపొద్దన్నది, అమ్మ మాట దాటొద్దు అని. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. ఆ పిల్ల మంచి మాటే పట్టుకుని పోయేది, నా పీట నాకు ఉండేది. కానీ ఆ పిల్ల ఇంకా అడిగింది. మరి ఒక్కపొద్దు రోజున్న ఆపొచ్చా తల్లీ అని.

లేచి ఫ్రిజ్ తెరిచాను. కోడిగుడ్ల పక్క నుంచి సీసా తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాను. చల్లగా ఉందేమో, ఉలిక్కిపడింది.

"అమ్మ చెప్తలేదు, నేను చెప్తున్న" అన్నాను. "నేను సుత పొడుచుకుంట. రెండు పూటల. మీ అత్తతోని ఒక్కపొద్దు వద్దని చెప్పు. తిననిదే సూది ఏస్కోవద్దని చెప్పు. ఏస్కొని తినకనే నేను ఆనాడు గట్లయిన. అమ్మ నా మీదికి రాలేదు బిడ్డా. నాకు షుగర్ పడిపోయింది."

ఆ పిల్ల సీసా వైపు, నా వైపు చూసి, పొట్లం మడుచుకుని పోయింది. పోతూ చెప్పులు కూడా సరిగా వేసుకోలేదు. అక్క కదలలేదు. నేను ఆమె ముఖం చూడలేక పీట మీది పసుపు తుడుస్తూ ఉన్నాను.

అప్పుడు అక్క అంది. "నేను నీ కాళ్లు మొక్కిన గదనే."

గుడ్డ కింద పెట్టి ఆమె వైపు తిరిగాను.

"పెద్దదాన్ని. బజార్ల, అందరి ముంగట, నీ కాళ్ల మీద తల పెట్టిన. నువ్వు మొక్కిచ్చుకుంటివి."

"నాకు సోయి లేకుండే అక్కా."

"ఆనాడు లేకుండే. గిన్ని శుక్రవారాలు సుత సోయి లేకుండెనా?"

ఆమె లేచి కొంగు దులుపుకుని పోయింది. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. తిన్నావా అని అడిగే గొంతు ఆగిపోయింది. గల్లీలో వాళ్లు కొందరు నవ్వారు, కొందరు నన్ను చూసి అమ్మవారితో ఆటలా అన్నారు. నేను హాస్టల్‌కు సీసా సంచిలో పెట్టుకుని పోయేదాన్ని, వచ్చేదాన్ని. సాయంత్రం వంట దించి, తినేముందు బస్తాల గది తలుపు వేయకుండానే పొడుచుకునేదాన్ని. అదొక్కటి తేలికైంది. ఒక హాస్టల్ పిల్ల చూసి, మా అమ్మమ్మ కూడా వేసుకుంటుందండీ ఆంటీ, చోటు మార్చి మార్చి వేసుకోవాలట అని చెప్పి ప్లేటు పట్టుకుని పోయింది. అంతే. ఇన్నాళ్లు దాచింది ఇంత చిన్న మాటా అనిపించి, దానికీ సిగ్గే వేసింది.

పంజాగుట్ట గదికి మాత్రం పోతూనే ఉన్నాను. కోడలు రాలేని రోజు నేనొక్కదాన్నే పోతాను.

మళ్లీ ఆషాఢం వచ్చింది. ఈ ఏడు బోనం ఎవరు వండుతారని ఇంట్లో ఎవరూ మాట ఎత్తలేదు. ఆదివారం పొద్దున హాస్టల్‌లో సూది వేసుకుని, రెండు ఇడ్లీలు తిన్నాను. ఇన్నేళ్లలో బోనాల పొద్దున తినడం అదే మొదలు. ఇంటికి వచ్చి వాకిట్లోనే ఆగిపోయాను. పొయ్యి ముట్టించి ఉంది. అక్క తడి తలతో, నా చోట కూర్చుని ఉంది. ఆమే ఒక్కపొద్దు ఉంది.

నేను దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె నా వైపు చూడలేదు. పాలు పొంగాయి, బియ్యం వేసింది. నీళ్లు తక్కువ పోసింది, నాకు తెలుస్తూనే ఉంది, నోరు మూసుకున్నాను. తిన్న నోరు అది. బెల్లం చేతిలోకి తీసుకుని ఆగింది. ఇప్పుడా, ఇంకా ఉడకాలా అన్నది తేల్చుకోలేకపోతోంది. కోడలు నన్ను చూసింది.

"జరసేపాగి ఎయ్యక్కా" అన్నాను. "ముందుగాల్ల ఇంకిన్ని పాలు పొయ్యి."

అక్క పాలు పోసింది. మెతుకు నలిపి చూసింది. అప్పుడు కుండ వైపే చూస్తూ, గల్లీ అంతటికీ వినపడేటట్టు అంది.

"తిన్నవానే?"

వాకిట్లో డప్పులాయన ఉన్నాడు, పక్కింటి వాళ్లు పసుపు కలుపుతున్నారు, అందరూ అటు తిరిగారు. నేను తల వంచుకుని, తిన్న అన్నాను.

"ఇనపడలే. గంత పెద్ద గొంతు పెట్టుకొని ఏందే నసుగుడు?"

"తిన్న అక్కా" అన్నాను. ఈసారి గట్టిగానే వచ్చింది. ముఖమంతా మండిపోయింది. ఆమె బెల్లం కుండలో వేసి, కట్టె కొంచెం వెనక్కి లాగింది.